కామలు ఆరేదాకా

ఆమెకు పేరు లేక కాదు, ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ఆమె ట్రైనింగు పిన్ని. అడవి అంచున ఉన్న ఆ నలభై ఇళ్ళకు ఎవరు ఏం నేర్పడానికి వచ్చినా ముందు వరసలో చాప మీద కూర్చునేది ఆమే. పుట్టగొడుగుల పెంపకం, కొవ్వొత్తుల తయారీ, తేనెటీగలు, బుట్టల అల్లిక, కుట్టుమిషను, ఆఖరికి నాయకత్వ లక్షణాలు కూడా నేర్చుకుంది. ఒక్కోదానికి ఒక్కో సర్టిఫికెట్టు. మడత పడకుండా అన్నిటినీ పరుపు కింద పరిచింది. "మా ఆవిడ చదువు మీద పడుకుంటుంది, పక్కనే ఉంటాను కాబట్టి నాకూ కాస్త అంటింది" అనేవాడు మొగుడు. అతను రోజుకు పది మాటలకు మించి మాట్లాడే మనిషి కాదు. ఆ పదిలో ఇది ఒకటి.

ఈ వేళాకోళాలన్నీ ఆమె చెవిన పడేవి, పట్టించుకునేది కాదు. మూడో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే, చంటి చెల్లెల్ని ఎత్తుకోవడానికి బడి మానిపించారు. నలభై దాటాక ఎవరో ఒకరు నల్లబల్ల ముందు నిలబడి "అర్థమైందా?" అని తనని అడగడం ఆమెకెంత ఇష్టమో ఎవరికీ చెప్పుకోలేదు. అర్థమైనా కాకపోయినా తల ఊపేది. ఆమెను చూసి ఊరూ ఊపేది. నేర్పడానికి వచ్చినవాళ్ళు సంతోషపడి, ఫోటో తీసుకుని, జీపెక్కి వెళ్ళిపోయేవాళ్ళు. పుట్టగొడుగులు రెండో కాపుకే బూజు పట్టాయి. కొవ్వొత్తులు తయారయ్యే వేళకి ఊరికి కరెంటొచ్చింది. తేనెటీగలు అందరికంటే తెలివైనవి, పెట్టెలు వదిలేసి అడవిలోకి పోయాయి.

అంతకుముందు ఊరిని ఆనుకుని ఒక కోతమిల్లు ఉండేది. పెద్ద చెట్లు అయిపోయాయో, యజమానికే విసుగొచ్చిందో, ఒక వానాకాలం మూతపడింది, మళ్ళీ తెరుచుకోలేదు. ఆ మిల్లులో ఇరవై అయిదేళ్ళు పెద్ద రంపం నడిపిన మనిషి పిన్ని బావగారు, అంటే మొగుడికి అన్న. దుంగ మీద అరచెయ్యి వేసి లోపల పుచ్చుందో లేదో చెప్పేవాడని పేరు. మిల్లు పోయాక రెండేళ్ళు గుమ్మంలో కూర్చుని దారిన పోయే మనుషుల్లో తప్పులు పట్టాడు.

చివరగా వచ్చిన సంస్థ మాత్రం చాప మీద కూర్చోబెట్టి ఊరుకోలేదు. ఒక రేకుల షెడ్డు వేయించింది, చిన్న రంపం మిషను ఇచ్చింది, పట్నంలో పనిముట్ల ఫ్యాక్టరీతో మాట్లాడిపెట్టింది. గొడ్డలికీ పారకీ సుత్తికీ వేసే చేతికర్రను కామ అంటారు కదా, ఆ కామలు చేసి పంపాలి. పెద్ద చెట్ల జోలికి పోకుండా, నరికినచోట మళ్ళీ చిగురేసే కర్రనే వాడాలి. ప్రారంభం రోజున ఇద్దరు పట్టుకుంటే గాని నిలవనంత పెద్ద బ్యానరు కట్టారు. గ్రామీణ అటవీ సమాజాల ఆర్థికాభివృద్ధికి సామర్థ్యాల పెంపు అని ఉంది దాని మీద.

"ఏం రాశారే?" అని అడిగింది తోడికోడలు. ఆమె బావగారి భార్య. పిన్నికంటే ఎనిమిదేళ్ళు పెద్ద. అక్షరం ముక్క రాదు, నోరు మాత్రం పట్నందాకా వినబడుతుంది.

"మనకి చేతకాదు, చేతనయ్యేలా చేస్తాం అని."

"మీ బావగారికి చదివి వినిపించకు. ఒంటికాలి మీద లేస్తారు."

బావగారు షెడ్డుకి మేస్త్రీ అయ్యాడు. ఎనిమిదిమంది పనిలో చేరారు, పిన్నీ తోడికోడలూ వాళ్ళలో ఇద్దరు. పిన్ని మొగుడు అడవిలో కర్ర ఎంచి నరికి తెచ్చేవాడు. బావగారు కోసేవాడు, మగవాళ్ళు బాడిసతో చెక్కి చిత్రిక పట్టేవాళ్ళు, ఆడవాళ్ళు గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసేవాళ్ళు. రెండు లోడ్లు లారీలో పట్నం వెళ్ళాయి. షెడ్డులో నవ్వులు మొదలయ్యాయి. బావగారు అందరి ముందూ తమ్ముడి వీపు తట్టాడు, పెళ్ళైన రోజున కూడా తట్టలేదట.

మూడో లోడు కోసం వచ్చిన లారీ ఖాళీగా రాలేదు. మొదటి రెండు లోడ్లలో సగానికి సగం వెనక్కి తెచ్చింది. డ్రైవరు కామలన్నీ షెడ్డు ముందు కుప్ప పోసి ఒక చీటీ ఇచ్చాడు. రెండే మాటలు. "వదులు. వద్దు."

చీటీ చదివింది పిన్నే. చదివాక ఎందుకు చదివానా అనిపించింది. బావగారి మొహం కందగడ్డయింది.

"నా చేతి కింద తయారైన కామ వదులా? వాళ్ళ గొడ్డలికి కన్నం పెద్దది పెట్టుకుని మన మీద పడతారా? పట్నంవాళ్ళు, మనం అడవిలో ఉన్నాం కదా అని ఆట పట్టిస్తున్నారు."

సంస్థ సారుకి ఫోన్ చేశారు. "అయ్యో, అలాగా? మా ప్రాజెక్టు పోయిన నెలతో అయిపోయిందమ్మా. రిపోర్టులో తప్పకుండా రాస్తాను" అన్నాడాయన. మంచివాడే, గొంతులో బాధ కూడా ఉంది. బాధపడి పెట్టేశాడు.

వారం రోజులు షెడ్డు తలుపు తీసినవాళ్ళు లేరు. ఇద్దరు రోడ్డు పనికి పోయారు. పిన్ని రోజూ ఆ కుప్ప దగ్గర ఆగి, ఒక కామ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి పెట్టేది. ఆరో రోజున తోడికోడలితో అంది.

"అక్కా, పోయి అడుగుదాం."

"ఎవరిని?"

"వదులన్నవాళ్ళని."

"మీ బావగారు?"

"చెప్పొద్దు."

తోడికోడలు మొగుడితో, కళ్ళు మసకలుగా ఉన్నాయి, పట్నం ఆస్పత్రిలో చూపించుకోవాలి, తోడుగా దీన్ని తీసుకుపోతానని చెప్పింది. నాలుగు కామలు సంచిలో పెట్టుకుని, పైన చీర కప్పి, పొద్దున్నే బస్సెక్కారు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా మనిషి ఆపాడు. "ఎవరు కావాలి?"

"వదులన్నాయన" అంది పిన్ని.

"అలాంటి పేరు గలవాళ్ళు ఇక్కడెవరూ లేరు."

పిన్ని సంచిలోంచి కామ తీసింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. తోడికోడలు ముందుకొచ్చి, అడవిలోంచి ఎన్ని బస్సులు మారి వచ్చారో, తనకి మోకాళ్ళు ఎలా నొప్పులో, ఆ కామల వెనక ఎన్ని కొంపలున్నాయో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అతని తల ప్రాణం తోకకొచ్చి, లోపలికి పొమ్మన్నాడు.

లోపల పొడుగాటి హాలు. నూనె కంపు, ఇనుప రజను వాసన. ఒక పక్క సానరాళ్ళు నిప్పురవ్వలు చిమ్ముతున్నాయి. చివరన కిటికీ దగ్గర బిగింపు బల్ల. దాని వెనక ఒక బక్కపల్చటి ముసలాయన గొడ్డళ్ళకు కామలు బిగిస్తున్నాడు. ఆయన్ని అందరూ చెవిటి మేస్త్రీ అంటారని తర్వాత తెలిసింది. యాభై ఏళ్ళ సుత్తి మోతకి ఎడమచెవి పూర్తిగా పోయింది. కుడిచెవితోనే అన్నీ వింటాడు, కర్రతో సహా.

పిన్ని కామను ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో వేలాడదీసి, చిన్న సుత్తితో తట్టి, కుడిచెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత బల్ల మీదున్న ఇంకో కామను తట్టి పిన్ని చెవి దగ్గర పెట్టాడు. అది గిన్నె మీద చెంచా తగిలినట్టు ఖంగుమంది. ఊరి కామ, తడిబట్ట మీద కొట్టినట్టు దబ్బుమంది.

"ఎప్పుడు నరికారు?"

"పోయిన నెల" అంది పిన్ని.

ముసలాయన నవ్వాడు. "ఇది కర్ర కాదు తల్లీ, ఇంకా చెట్టే. లోపల నీరు అలాగే ఉంది. ఇవ్వాళ బిగిస్తే బిర్రుగా ఉంటుంది. కొట్లో నెలరోజులుంటే నీరారి బక్కచిక్కుతుంది. కొన్నవాడు ఎత్తి ఒక్క వేటు వేసేసరికి గొడ్డలి ఊడి ఎవడి నెత్తిన పడుతుందో! అర్థమైందా?"

అలవాటుగా పిన్ని తల కదలబోయింది. మధ్యలోనే ఆగిపోయింది.

"కాలేదు" అంది. "ఆరిందని ఎలా తెలుస్తుంది? ఎన్నాళ్ళు ఆరాలి? ఎండలో పెట్టాలా? నేను మీ పక్కన కూర్చుని చూడొచ్చా?"

ముసలాయన పక్కనున్న పీట ఆమెవైపు జరిపాడు. ఇన్నేళ్ళలో కామలు పంపినవాళ్ళెవరూ ఆ బల్లదాకా రాలేదు. స్టోరు గుమాస్తా వచ్చి, బయటివాళ్ళు ఇక్కడ కూర్చోకూడదని గొణిగాడు. ముసలాయన ఎడమచెవి అటు తిప్పి ఊరుకున్నాడు.

కళ్ళు చూపించుకోవడానికి ఒక్కరోజు చాలదని ఊరికి కబురు పంపించి, తోడికోడలి మేనత్త కూతురింట్లో దిగారు. నాలుగు రోజులు పిన్ని ఆ బల్ల దగ్గరే ఉంది. కామ కొసన చారలు ఏ వైపు నడుస్తున్నాయో చూడటం, కన్నుకి ఆనించి వంకర పట్టడం, గొడ్డలి కన్నంలో చెక్క చీల ఎంతవరకు దించాలో తెలుసుకోవడం, తట్టి వినడం. మొదటి రోజు పదింటికి ఏడు తప్పు చెప్పింది. నాలుగో రోజు ఒక్కటి తప్పింది. తోడికోడలు ఊరుకోలేక, ఫ్యాక్టరీ ఎదురుగా ఉన్న మొక్కల నర్సరీలో కూర్చుని వాళ్ళకి ఊతకర్రలు ఎక్కడినుంచి వస్తాయో, ఎలాంటివి కావాలో అన్నీ ఆరా తీసింది. కబుర్లకోసమే వెళ్ళింది, కానీ ఆ కబుర్లే తర్వాత ఆదుకున్నాయి.

వచ్చేటప్పుడు ముసలాయన ఒక ఎండిన కామ ఇచ్చాడు. "నీడలో, గాలి తగిలేచోట పేర్చు. వరసకీ వరసకీ మధ్య సన్నపట్టీలు పెట్టు. ఎండ తగలకూడదు. మూడు కామలకి గుర్తు పెట్టుకుని వారానికోసారి తూచు. బరువు దిగడం ఆగిపోయిననాడు అది కర్ర అయినట్టు."

తిరుగు బస్సులో ఇద్దరికీ ఒకటే బెంగ. ఈ మాట ఆయనకి చెప్పేదెవరు?

"నేను చెప్తే వినరు, నువ్వు చెప్తే అన్నం మానేస్తారు" అంది తోడికోడలు. "పైగా నా కళ్ళ సంగతి అడుగుతారు."

పిన్ని చెప్పలేదు. మర్నాడు పొద్దున షెడ్డు తలుపు తీసి బావగారిని రమ్మని పిలిచింది. రెండు కామలు చేతికిచ్చింది.

"బావగారూ, దీన్నోసారి తట్టి వినండి. ఇప్పుడు దీన్ని."

ఆయన విన్నాడు. మళ్ళీ విన్నాడు. దుంగ లోపలి పుచ్చును అరచేత్తో కనిపెట్టే మనిషికి ఇంకేం చెప్పాలి? రంపం బల్ల మీద కూలబడ్డాడు. ఎండిన కామ ఎత్తి చూపించి అడిగాడు.

"ఇదెక్కడిది?"

పిన్ని అంతా చెప్పేసింది. కళ్ళ ఆస్పత్రి అబద్ధంతో సహా. ఆయన కేకలేస్తాడని కళ్ళు మూసుకుంది. కేకలేమీ రాలేదు.

"మిల్లులో వెనకవైపు ఇంకో షెడ్డు ఉండేది" అన్నాడు మెల్లగా. "నేను కోసినవన్నీ అటు పోయేవి. అక్కడ ఏం చేసేవాళ్ళో నాకు తెలీదు. అడగలేదు. మా గేటు వేరు, వాళ్ళ గేటు వేరు. ఇరవై అయిదేళ్ళు సగం పనే నేర్చుకున్నానన్నమాట."



పట్నంవాళ్ళ మోసం కాదని తేలాక పని మళ్ళీ మొదలైంది. పాత మిల్లు గోడ నీడలో అరలు కట్టి, ఆరితే చిక్కేది లెక్కేసి కాస్త లావుగా కోసిన కామలు పేర్చారు. పిన్ని మొగుడు కూర్చుని వందల కొద్దీ సన్నపట్టీలు చీల్చాడు. కొసలు పగలకుండా మైనం పూయాలని ముసలాయన చెప్పాడు. మైనం ఎక్కడిదంటే, కొవ్వొత్తుల ట్రైనింగులో మిగిలిపోయిన డబ్బాలు రెండు పిన్ని అటక మీద ఉన్నాయి. ఆరోజు ఆమె నడకే మారిపోయిందని తోడికోడలు ఇప్పటికీ వెక్కిరిస్తుంది. ఆ పెద్ద బ్యానరు కూడా పనికొచ్చింది. వాన జల్లు కొట్టకుండా అరల మీద కప్పారు. సామర్థ్యాల అన్న మాట ఒక వైపు, పెంపు మరో వైపు వేలాడేవి.

బరువు తూచడానికి కొట్టాయన దగ్గర స్ప్రింగు కాటా అడిగి తెచ్చింది పిన్ని. ప్రతి సోమవారం గుర్తు పెట్టిన మూడు కామలు తూచి, షెడ్డు తలుపు మీద సుద్దతో రాసేది. మొదటి నెల అంకెలు గబగబా దిగాయి. రెండో నెల నెమ్మదించాయి. దిగుతూనే ఉన్నాయి. అంతవరకూ తినేదేమిటి? ఎనిమిదిమందిలో నలుగురు ముఖం చాటేశారు. అప్పుడే తోడికోడలు నర్సరీ మాట ఎత్తింది. మొక్కలకు పెట్టే ఊతకర్ర పచ్చిదైనా ఫరవాలేదు. అవి చేసి పంపుతూ మిగిలినవాళ్ళు నెట్టుకొచ్చారు. బావగారికి అది చిన్నతనం. "పెద్ద రంపం నడిపిన చేత్తో టమాటా మొక్కలకి కర్రలు చెక్కుతున్నాను" అనేవాడు. అంటూనే చెక్కేవాడు.

మూడో నెలలో పిన్ని చెల్లెలికి కాన్పైతే వారం రోజులు అక్కడికెళ్ళింది. తిరిగొచ్చేసరికి అరల్లో మూడోవంతు ఖాళీ. కామలు మిల్లు ముందర బండల మీద ఎండలో పరిచి ఉన్నాయి. దగ్గరికెళ్ళి ఒకటి తీసింది. కొసనుంచి నడుమ దాకా వేలు దూరేంత పగులు. ఇంకోటి తీసింది. అదీ అంతే.

ఎవరు చేశారో అడగక్కర్లేదు. తొందరపడి ఎండేసింది బావగారే. అంకెలు నెమ్మదించేసరికి ఆయనకి ఓపిక చచ్చింది. రెండు రోజులు ఆయన షెడ్డువైపు రాలేదు. నలుగురూ పిన్ని మొహంలోకి చూశారు, ఏమంటుందోనని. ఆమె పగిలినవి ఏరి పొయ్యిలోకి పక్కన పెట్టింది, మిగిలినవి తిరిగి అరల్లోకి చేర్చింది. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం పెరట్లో కూర్చుని ఏడ్చింది. మొగుడు పక్కన కూర్చున్నాడు. ఆరోజు పది మాటలూ ముందే అయిపోయాయో ఏమో, ఒక్క ముక్క మాట్లాడలేదు. లేచి, చీకటిపడేలోగా ఇంకో కట్ట కర్ర తేవడానికి గొడ్డలి తీసుకుని వెళ్ళాడు.

మూడో రోజు సోమవారం. పిన్ని కాటా తీసేసరికి బావగారు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో సుద్దముక్క.

"నువ్వు తూచు, నేను రాస్తాను" అన్నాడు. "తప్పు నాదే అమ్మాయ్. అందరి ముందూ అంటాను, పిలువు."

"ఎందుకులెండి బావగారూ. ఈ వారం ఎంతుందో రాయండి."

"కాదు, పిలువు."

పిలిచింది. ఆయన అన్నాడు. ముఖం చాటేసిన నలుగురిలో ఇద్దరు ఆ వారంలోనే పనిలోకి వచ్చారు. ఆయన తప్పు ఒప్పుకున్నందుకే వచ్చారా అంటే చెప్పలేను. రోడ్డు పని అయిపోయిందన్నది కూడా నిజం.

అయిదో నెల దాటాక అంకె మూడు వారాలు కదల్లేదు. కామలు తట్టి వినడానికి ఊరు ఊరంతా షెడ్డు ముందు చేరింది. తోడికోడలు ప్రతిదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని "ఇది నాకంటే గట్టిగా అరుస్తోంది" అంది. లోడుతో పాటు ఈసారి లారీలో బావగారే వెళ్ళాడు. చెవిటి మేస్త్రీ వందకి పన్నెండు పక్కన పెట్టాడట. కొన్నిటికి చారలు అడ్డంగా ఉన్నాయని, కొన్ని వంకరని. బావగారు వాటిలో కొన్నిటిని సంచిలో వేసుకుని తిరిగొచ్చి, షెడ్డు గోడకి వరసగా వేలాడగట్టాడు, కోసేటప్పుడు కళ్ళ ముందు ఉండాలని. ఇద్దరు ముసలాళ్ళూ ఆరోజు బల్ల దగ్గర రెండు గంటలు అరుచుకున్నారని గుమాస్తా ఫోన్లో చెప్పాడు. పోట్లాట అనుకుని పరుగెత్తితే, కర్రల గురించి కబుర్లు.

అది జరిగి నాలుగేళ్ళు. ఇప్పుడు అరలు మూడు వరసలయ్యాయి. ఎప్పుడూ ఒక వరస ఆరుతుంటే ఒక వరస బయల్దేరుతుంది. పదమూడుమంది పనిచేస్తున్నారు. ఎవరూ మేడలు కట్టలేదు. కానీ రోడ్డు పనికోసం ఊరు వదిలి పోయేవాళ్ళు తగ్గారు. నరికినచోట చిగురు ఎంతవరకు వచ్చిందో పిన్ని మొగుడు తిరిగి చూస్తాడు. అతను వద్దన్న వైపు ఎవరూ గొడ్డలి ఎత్తరు. ఆ విషయంలో మాత్రం అతని ఒక్క మాట చాలు.

పోయిన ఏడు కొండకి అవతలున్న ఊరివాళ్ళు పిన్నిని పిలిచారు. మాకూ నేర్పమని. ఆమెకి వినడమే తప్ప నల్లబల్ల ముందు నిలబడిన అలవాటు లేదు. వెళ్ళింది. ఇరవైమంది ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. ఉపన్యాసం అంతా మర్చిపోయి, సంచి బోర్లించి కామలు వాళ్ళ మధ్య పోసింది. "తట్టండి" అంది. సాయంత్రందాకా తట్టారు. మధ్యలో ఒక్కసారీ అర్థమైందా అని అడగలేదు. అడిగితే తల ఊపుతారని ఆమెకు తెలుసు.

ఆ గుంపులో ఒకావిడ, వెనక గోడకి ఆనుకుని కూర్చున్న కోడలుపిల్ల, చెయ్యెత్తింది.

"పిన్నిగారూ, మా వైపు మీరు కోసే చెట్టు లేదు. ఎర్రచేవ ఉండే కర్ర ఒకటుంది. అది ఎన్నాళ్ళు ఆరబెట్టాలి?"

అందరూ పిన్నికేసి తిరిగారు.

"నాకు తెలీదు" అంది పిన్ని. "చెవిటి మేస్త్రీకి తెలుస్తుందేమో. రేపు పొద్దున బస్సుంది. ఒక ముక్క కోసి పట్టుకురా, పోయి అడుగుదాం."

మర్నాడు ఇద్దరూ బస్సెక్కారు. కూర్చోవడానికి చోటు దొరకలేదు. దారంతా నిలబడే, ఆ కోడలుపిల్ల అత్తగారి గురించీ, పిన్ని తోడికోడలి గురించీ చెప్పుకుంటూ పట్నం చేరారు.